ట్రాక్ డేలో మా వాడు పోయాడు. వాళ్లమ్మకి ఏం చెప్పాలి, మేం ఏం మార్చుకోవాలి?

పూనమల్లి_రైడర్:
చెన్నైలో ఉంటాం, ఆదివారం పొద్దున్నే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద బైకులేసుకుని తిరిగే తెలుగు బ్యాచ్ మాది. ఈ మధ్య ఒక ట్రాక్ డేకి, అంటే డబ్బు కట్టి రేస్ ట్రాక్ మీద మన బండి నడుపుకునే రోజుకి, వెళ్లినప్పుడు మాలో ఒకడు పడి చనిపోయాడు. ఏ ట్రాక్, ఎవరు నిర్వహించారు అన్నది రాయను, పోలీసుల విచారణ నడుస్తోంది, దయచేసి మీరూ ఊహించి రాయకండి.

మధ్యాహ్నం సెషన్. మలుపులోంచి బయటికి వస్తూ గ్యాస్ ఇచ్చేటప్పుడు వెనక టైరు జారి, మళ్లీ ఒక్కసారిగా పట్టు దొరికి బండి వాణ్ణి పైకి విసిరేసింది, అంటే హైసైడ్. పక్కకి పోకుండా ట్రాక్ మధ్యలోనే పడ్డాడు. వెనకాలే వస్తున్న బండి తప్పించుకోలేకపోయింది. నేను వాళ్లకి చాలా వెనక ఉన్నాను. అక్కడికి వచ్చేసరికి పసుపు జెండాలు ఊపుతున్నారు, స్లో చేసి పక్కనుంచి వెళ్లాను, తర్వాత జెండాలు చూపించే పోస్టు దగ్గర ఎర్ర జెండా, అంటే సెషన్ ఆపేశారని, పిట్‌కి (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటుకి) వచ్చేశాను.

పెద్దకర్మకి నెల్లూరు వెళ్తే వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని "నువ్వు పక్కనుంచే వెళ్లావంట కదా నాయనా, ఆగలేదా?" అని అడిగింది. కోపంగా కాదు, మామూలుగానే. నాకు నోట మాట రాలేదు.

ఆస్పత్రిలో వాడి లెదర్ సూట్‌ని కాలి దగ్గర నుంచి మెడ దాకా కత్తెరతో కోసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చారు. అది నా గదిలోనే ఉంది. కుడి మోకాలి స్లైడరు (మలుపులో నేలకి రాసుకునే ముక్క) ఒక్కటే బాగా అరిగిపోయింది, ఎడమది కొత్తదానిలా ఉంది, కుడి మలుపులంటే వాడికంత ఇష్టం. ఇంట్లోవాళ్లకి ఇవ్వాలా వద్దా తెలియట్లేదు. బ్యాచ్‌లో కొందరు బండ్లు అమ్మేస్తామంటున్నారు, కొందరు వాడి పేరు మీద మళ్లీ ట్రాక్‌కి వెళ్దామంటున్నారు. ఒకరి కెమెరాలో వీడియో కూడా ఉంది. ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జెండా_మార్షల్:
తమ్ముడూ, ముందు ఆగలేదన్న మాట గురించి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ రేసుల్లో చాలా ఏళ్లుగా మార్షల్‌గా, అంటే ట్రాక్ పక్కన జెండాలు చూపించి పడినవాళ్లని చూసుకునేవాడిగా, నిలబడుతున్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నా, నువ్వు చేసిందే సరైన పని. పసుపు జెండా అంటే స్లో అవ్వు, ఎవర్నీ దాటకు, ముందు ట్రాక్ మీద మనిషి ఉండొచ్చు అని. అక్కడ బండి ఆపి దిగి ఉంటే నీ వెనక వచ్చేవాడికి నువ్వే ఇంకో అడ్డు అయ్యేవాడివి, అంబులెన్స్ వచ్చే దారి కూడా మూసుకుపోయేది. పడినవాడి దగ్గరికి వెళ్లడం మార్షల్స్ పని, వాళ్లకి దారి ఖాళీ చేసి ఇవ్వడం మిగతావాళ్ల పని. ఈ మాట అమ్మకి ఇలాగే చెప్పొచ్చు.

బైక్ రేసుల్లో చాలాసార్లు ప్రాణం తీసేది పడటం కాదు, పడ్డాక తగిలేది. గోడ గానీ వెనక బండి గానీ. 2011లో మలేషియా సెపాంగ్‌లో మోటోజీపీ (బైక్ రేసుల ప్రపంచ చాంపియన్‌షిప్) రేసర్ సిమోన్‌చెల్లి అలాగే పోయాడు, ట్రాక్‌కి అడ్డంగా జారుకుంటూ వచ్చి వెనకవాళ్ల బండ్ల కింద పడ్డాడు. 2021లో అయితే ఒకే ఏడాది ముగ్గురు కుర్ర రేసర్లు పోయారు, ఇటలీ ముజెల్లోలో డుపాస్కియే, స్పెయిన్ అరగాన్‌లో మిలాన్, హెరెత్‌లో వినాలెస్, వరసగా 19, 14, 15 ఏళ్లు. ముగ్గురికీ వెనక బండ్లే తగిలాయి. ఆ తర్వాతే బైక్ రేసుల ప్రపంచ సంస్థ ఎఫ్ఐఎం వాళ్లు రేసర్ల కనీస వయసులు పెంచారు. మన దగ్గర 2023 ఆగస్టులో ఇరుంగాట్టుకోట్టైలోనే జాతీయ చాంపియన్‌షిప్ రేసులో 13 ఏళ్ల బెంగళూరు కుర్రాడు స్టార్ట్ అయిన కాసేపటికే, మొదటి మలుపు దాటుతూ పడి తలకి దెబ్బ తగిలి పోయాడు. ట్రాక్ పక్కనే ట్రామా అంబులెన్స్ ఉంది, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లారు, అయినా దక్కలేదు. ఆ వారాంతం మిగిలిన రేసులన్నీ ఆపేశారు.

ట్రాక్ డేలో ఇంకో సమస్య ఉంది. రేసులో అందరి బండ్లూ, అందరి స్పీడూ ఇంచుమించు ఒకటే. ట్రాక్ డేలో మొదటిసారి వచ్చిన 300 సీసీ కుర్రాడి వెనకే లీటర్ బండి (1000 సీసీ) వస్తుంది, స్ట్రెయిట్ చివర ఇద్దరి మధ్య తేడా చూస్తే నిలబడ్డ మాకే గుండె ఝల్లుమంటుంది. అందుకే డబ్బు కట్టేముందు అడగండి. ఒక్క సెషన్‌కి ఎన్ని బండ్లు వదులుతారు, గ్రూపులు దేన్ని బట్టి చేస్తారు, ఎన్ని పోస్టుల్లో మార్షల్స్ ఉంటారు, కొత్తవాళ్ల గ్రూపులో మలుపు లోపల దాటనిస్తారా. అన్నిటికంటే ముఖ్యం, అంబులెన్స్ ఒకర్ని తీసుకుని ఆస్పత్రికి వెళ్తే, అది తిరిగొచ్చేదాకా ట్రాక్ ఆపేస్తారా లేక రెండోది ఉందా. దీనికి జవాబు నసిగితే అక్కడ బండి దించకండి.

పడితే ఏం చెయ్యాలో కూడా బ్రీఫింగ్‌లో గబగబా చెప్పేస్తారు, ఎవరూ వినరు. బండిని వదిలెయ్యాలి. చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. ఆగిపోయామనిపించినా ఇంకా జారుతూనే ఉంటాం, కాబట్టి పూర్తిగా ఆగేదాకా లేవకూడదు. లేచాక వచ్చే బండ్లు చూసుకుని బారియర్ వెనక్కి పోవాలి, బండి కోసం తిరిగి రాకూడదు. ఎర్ర జెండా చూడగానే సడన్‌గా బ్రేక్ కొట్టొద్దు, వెనకవాడు ఇంకా చూసి ఉండకపోవచ్చు. చెయ్యెత్తి, నెమ్మదిగా పిట్‌కి.

ఇంకో మాట. మన చెన్నై ఎండలో మధ్యాహ్నం సెషన్లకి ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, పొద్దున గాలి కొట్టించిన టైర్లు వేడికి ప్రెషర్ పెరిగి పట్టు వదులుతుంటాయి. ప్రతి సెషన్ తర్వాత ప్రెషర్ చూసుకోవాలి. నీరసంగా ఉంటే ఆ సెషన్ వదిలేయాలి, డబ్బు పోతే పోయింది.

అంబత్తూరు_నాన్న:
ఏమనుకోకండి, ఇన్ని జాగ్రత్తలు అవసరమైన సరదా ఎందుకు బాబూ? నా కొడుక్కి ఇరవై, వాడూ ఇదే అడుగుతున్నాడు. ఇది చదివాక వద్దనే చెప్తాను.

జెండా_మార్షల్:
అన్నా, మీరు వద్దంటే తప్పు పట్టను. ఒకటి మాత్రం చూడండి, ట్రాక్ మీద వద్దన్న స్పీడుని వాడు శ్రీపెరుంబుదూరు హైవే మీద తీర్చుకోకుండా చూసుకోవాలి. అక్కడ జెండా ఊపేవాళ్లు కూడా ఉండరు.

క్యాజువాల్టీ_నైట్_డ్యూటీ:
నేను చెన్నైలో ఎమర్జెన్సీలో డాక్టర్‌ని, మాది చిత్తూరు. సూట్ కోసేయడం గురించి ఇంట్లోవాళ్లు బాధపడితే చెప్పండి, మెడ, వెన్ను కదపకుండా బట్టలు తీయాలంటే కొయ్యడం ఒక్కటే దారి. అంటే వాణ్ణి బతికించాలనే చూశారు.

హెల్మెట్ విషయం అందరికీ. పడినవాడి హెల్మెట్‌ని పక్కనున్నవాళ్లు లాగేయకూడదు. వైజర్ ఎత్తి ఊపిరి ఆడుతోందో లేదో చూడండి, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకోండి, అంతే. ఊపిరే ఆడకపోతే తప్ప తియ్యొద్దు, అప్పుడు కూడా ఒకరు మెడ పట్టుకుంటే ఇంకొకరు తియ్యాలి. కొనేటప్పుడు స్ట్రాప్ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకి లాగి చూడండి. తల మీంచి ఊడొచ్చిందంటే ఆ సైజు మీది కాదు, ఎంత ఖరీదుదైనా సరే. ట్రాక్‌కి డబుల్ డి రింగ్ (స్ట్రాప్‌ని రెండు రింగుల్లోంచి దూర్చి బిగించేది) ఉన్నదే తీసుకోండి. ఎయిర్‌బ్యాగ్ సూట్ ఉంటే మంచిదే, మోటోజీపీలో 2018 నుంచి తప్పనిసరి, కానీ బండి మీదకి ఎక్కితే దాన్ని ఆపే సూట్ ఏదీ లేదు.

అమ్మ ఇంకో ప్రశ్న తప్పకుండా అడుగుతుంది, నొప్పి అనుభవించాడా అని. ఊహించి చెప్పకండి. పోస్ట్‌మార్టం రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, ఇక్కడ డాక్టర్లు తమిళంలో చెప్పి ఉంటారు, వాళ్లకి సగం అర్థమై ఉండదు. రిపోర్టు వచ్చాక ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే నాకు మెసేజ్ చెయ్యండి, తెలుగులో కూర్చోబెట్టి చెప్తాను.

పాలసీ_పత్రం:
చేదుగా ఉన్నా ఇది చూసుకోండి. మామూలు బైక్ ఇన్సూరెన్స్‌లో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ కవర్ కావని రాసే ఉంటుంది, కాబట్టి అక్కడ ఆశ పెట్టుకోవద్దు. ప్రమాద బీమాలో కూడా సాహస క్రీడలు తీసేసి ఉండొచ్చు. కానీ టర్మ్ పాలసీ, ఆఫీసు గ్రూప్ పాలసీ వేరు, చదవకుండా వదిలేయకండి. క్లెయిమ్ కాదంటే కాగితం మీద ఇమ్మనండి, దాని తేదీ నుంచి ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ, పోస్ట్‌మార్టం రిపోర్టు, ట్రాక్‌లో సంతకం పెట్టిన ఫారం, మూడూ కుటుంబం దగ్గర ఉండాలి.

కావలి_అక్క:
మా తమ్ముడు కూడా బండి మీదే పోయాడు, ట్రాక్ కాదు, రోడ్డు. నాయనా, ఆ అమ్మ అడిగింది నిన్ను నిలదీయడానికి కాదు. చివరి నిమిషాల్లో కొడుకు ఒంటరిగా ఉన్నాడా అని అడుగుతోంది. మార్షల్స్ ఎంతసేపట్లో వచ్చారో, ఎవరు పక్కన కూర్చున్నారో కనుక్కుని అది చెప్పు. ఒకసారి చెప్తే సరిపోదు, వెళ్లిన ప్రతిసారీ అడుగుతుంది, ప్రతిసారీ మొదటిసారిలాగే చెప్పాలి. మా అమ్మ ఏడాదంతా అడిగింది. పెద్దకర్మ దాకా ఇల్లు నిండా జనం ఉంటారు, ఆ తర్వాత ఎవరూ రారు, అప్పుడు మీరు వెళ్లాలి.

వీడియోని విచారణ చేసేవాళ్లకి ఇచ్చి, గ్రూపుల్లో మాత్రం ఎవరికీ పంపకండి. ఇంట్లో చిన్నపిల్లల ఫోన్‌కి చేరడానికి ఎంతోసేపు పట్టదు. సూట్ నీ దగ్గరే ఉంచి, ఉందని మాత్రం వాళ్ల నాన్నకి చెప్పు. కావాలా వద్దా ఆయన చెప్తాడు.

మీరెవరూ అడగని మాట ఒకటి అడుగుతాను. వెనక బండి నడిపిన అబ్బాయి ఎలా ఉన్నాడు?

జెండా_మార్షల్:
అక్క అడిగింది చాలా పెద్ద మాట. సిమోన్‌చెల్లికి తగిలిన ఇద్దరు రేసర్లలో రోస్సీ ఒకడు, రోస్సీ, సిమోన్‌చెల్లి ప్రాణ స్నేహితులు. అంత దగ్గర్లో ముందు మనిషి పడితే తప్పించడం ఎవరి వల్లా కాదు. ఆ అబ్బాయితో ఎవరో ఒకరు రోజూ మాట్లాడాలి.

పూనమల్లి_రైడర్:
అందరికీ దండాలు. ఆ అబ్బాయి మా బ్యాచ్ కాదు, కోయంబేడు వైపు ఉంటాడట, మా వాళ్లలో ఒకరి దగ్గర నంబర్ ఉంది, ఈ రాత్రే ఫోన్ చేస్తాను. ట్రాక్ సంగతి ఇప్పుడే తేల్చొద్దని, కనీసం ఏడాది మాసికాలు అయ్యేదాకా వాడి పేరు మీద ఏ రైడూ పెట్టొద్దని గ్రూపులో రాశాను, ఒప్పుకున్నారు. ఆదివారం నెల్లూరు వెళ్తున్నాను. మార్షల్ అన్నా, ఆ రోజు పోస్టులో ఎవరున్నారో ఎవర్ని అడిగితే చెప్తారు? డాక్టర్ గారూ, రిపోర్టు ఇంకా రాలేదు, రాగానే వాళ్ల నాన్న చేతే మీకు ఫోన్ చేయిస్తాను.