బడికి పెత్తనమిస్తే చదువు పెరుగుతుందా, పిల్లలు వేరుపడతారా?

మూడోబెంచీ:
సర్కారు సొమ్ము పిల్లాడి వెంట వెళ్లాలి, టీచర్ల నియామకం, జీతం బడికే వదిలేయాలి, పోటీ పడితే బళ్లన్నీ బాగుపడతాయి అంటున్నారు కదా. దక్షిణ అమెరికాలోని చిలీ 1981లోనే ఆ పని చేసింది. ఫలితమేంటి?

సుద్దముక్క:
కాస్త ఉన్నవాళ్ల పిల్లలు ప్రైవేటుకు తరలారు, సగటు మార్కులు కదల్లేదు. ఆర్థికవేత్తలు షే, ఉర్కియోలా 2006లో చూపించింది ఇదే: ప్రైవేటు ఎక్కువ పెరిగిన ఊళ్లలోనూ సగటు పెరిగిన ఆధారం లేదు. ఎందుకుంటుందండీ? డబ్బు హాజరును బట్టి వచ్చేది, పేదింటి పిల్లాడికీ కలిగినింటి పిల్లాడికీ ఒకటే రేటు. వెనకబడిన పిల్లాడికి చెప్పాలంటే ఖర్చెక్కువ. బోధన మార్చుకోవడం కన్నా పిల్లాణ్ని ఏరుకోవడం చౌక. 1993 నుంచి పైన ఫీజు కూడా వసూలు చేసుకోనిచ్చారు. ఇక ఆ ఫీజే జల్లెడ.

బల్లపలక:
సుద్దముక్క గారూ, మీరు చెప్పిందంతా అడ్మిషన్ల గోల. బోధనలో స్వేచ్ఛ వేరు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2008లో 5 జిల్లాల పల్లెల్లో లాటరీ తీసి, ప్రైవేటు బడి ఫీజుకు సరిపడే వోచర్లిచ్చారు. నాలుగేళ్లయ్యాక పరిశోధకులు మురళీధరన్, సుందరరామన్ చూస్తే తెలుగు, లెక్కల్లో తేడా లేదు, హిందీలో మాత్రం వోచరు పిల్లలు బాగా ముందున్నారు. తేడా లేదని తీసిపారేయకండి. ప్రైవేటు బడి తెలుగుకీ లెక్కలకీ తక్కువ టైమిచ్చి, మిగిల్చింది ఇంగ్లీషు, హిందీ వగైరాలకు మళ్లించింది. అయినా తెలుగులో, లెక్కల్లో పిల్లలు వెనకబడలేదు. టైంటేబుల్ తన చేతిలో ఉండబట్టే అది కుదిరింది. తలకు అయ్యే ఖర్చు సర్కారు బడిలో మూడో వంతు కూడా లేదు. సర్కారు బడిలో మిగిలిన పిల్లలకు నష్టమూ కనబడలేదు.

సుద్దముక్క:
ఆ చౌకంతా టీచరు జీతంలో కోసిందే, దాన్ని ఘనత అనకండి. పైగా అక్కడ పిల్లల్ని ఎంచింది లాటరీ, బడి కాదు. నేననేదీ అదే.

మూడోబెంచీ:
అయితే ఇద్దరూ ఒక్కచోటికే వచ్చారు: బోధనలో స్వేచ్ఛ బడికి ఉండొచ్చు, పిల్లల్ని ఏరుకునే హక్కు వద్దు. చిలీ కూడా అక్కడికే వచ్చింది. 2008లో పేద పిల్లలకు అదనపు సొమ్ము పెట్టింది, 2015 చట్టంతో సర్కారు సొమ్ము తీసుకునే బళ్లలో ఏరివేత, పైఫీజు, లాభాపేక్ష మూడూ వద్దంది. ఇప్పుడు తల్లిదండ్రులు బళ్లను ఇష్టం వరసలో ఆన్‌లైన్లో రాస్తారు. సీట్లు చాలకపోతే ముందు ఆ బడిలో చదివేవాళ్ల తోబుట్టువులు, తర్వాత 15% వరకు పేద పిల్లలు, ఆపైన సిబ్బంది పిల్లలు, ఆ బడి పాత విద్యార్థులు. మిగతావాళ్లకు లాటరీ.

సుద్దముక్క:
బాగుంది, కానీ దరఖాస్తులో రాసిన బడికే కదా లాటరీ. దూరపు బడికి రోజూ ఎలా పంపాలని పేదతల్లి పక్కవీధి బడే రాస్తే? మన వోచరులో ఫీజు, పుస్తకాలు, యూనిఫాం ఉన్నాయి, రానూపోనూ ఖర్చు లేదు. సర్కారు బడి మానితే మధ్యాహ్న భోజనమూ పోయినట్టే. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడిలో పేదలకు కేటాయించిన 25% సీట్లలో చేరిన పిల్లాడి క్యారేజీ ఎవరు నింపాలో ముందు తేల్చండి.