తల వంచిన జింకకి కనుపాప ఎలా పెట్టాలి: కంటి మూలల్ని బట్టా, నేలని బట్టా?

గాజుకన్ను: మేత మేస్తున్న పోజులో జింక మౌంట్ (ఫోమ్ బొమ్మకి జింక తోలు తొడిగి, గాజు కళ్ళు పెట్టి బతికున్నట్టు నిలబెట్టే టాక్సిడెర్మీ పని) చేస్తున్నాను, తల బాగా కిందికి దిగి ఉంటుంది. మామూలుగా చాలామంది చేసేది ఏంటంటే కంటి ముందు మూల నుంచి వెనక మూలకి ఒక గీత ఊహించుకుని, అడ్డంగా పొడుగ్గా ఉండే కనుపాపని ఆ గీతని బట్టి పెట్టేస్తారు. తల ఎత్తి ఉన్న మౌంట్‌లో అది పెద్దగా పట్టివ్వదు, కానీ తల వంచితే ఆ గీత కూడా ముక్కు వైపు వాలిపోతుంది, బతికున్న జంతువు కనుపాప మాత్రం అలా వాలదు. 2015లో సైన్స్ అడ్వాన్సెస్‌లో 214 రకాల నేల జంతువుల కనుపాపల మీద ఒక పరిశోధన వచ్చింది, మేకలూ గొర్రెలూ గుర్రాలూ తల వంచినప్పుడు కన్ను గుంతలోనే 50 డిగ్రీలు, ఇంకా ఎక్కువ కూడా తిరిగి కనుపాపని నేలకి సమాంతరంగా ఉంచుకుంటుందని అందులో ఉంది. అందుకే నేననేది, ముందు కనుపాప నేలకి లెవెల్ చేయాలి, రెప్పల పని ఆ తర్వాతే. మీరేమంటారు?

పాతఉలి: నేను ఒప్పుకోను తమ్ముడూ. ఆ పరిశోధన చూసింది మేకల్ని గుర్రాల్ని, నువ్వు చేసేది జింకని. పైగా చూసేవాడికి ముందు కనపడేది మొహం, అందులో కన్ను ఒక్కటే పక్కకి తిరిగిపోయి ఉంటే గుడ్డు ఊడి తిరిగిందేమో అనుకుంటాడు. ఇంకోటి, తెల్లగుడ్డు పట్టీ వేసిన గాజు కళ్ళు తల ఎత్తిన పోజుకి తగ్గట్టు చేస్తారు, దాన్ని తిప్పావంటే మూలల్లో ఉండాల్సిన తెలుపు పై రెప్ప కిందకి వచ్చి జంతువు బెదిరినట్టు కనిపిస్తుంది. మేస్తున్న జింక మొహంలో ఉండాల్సింది నెమ్మది.

గాజుకన్ను: తెలుపు సంగతి మీరన్నది నిజమే అన్నా, దానికి పట్టీ లేని కన్ను తీసుకుని మూలల్లో మనమే రంగు వేసుకోవచ్చు కదా, కనుపాపనే తప్పుగా పెట్టడం ఎందుకు? జింక కనుపాపా అడ్డంగానే ఉంటుంది, అదీ తల వంచి మేస్తూనే చుట్టూ కాపు కాయాల్సిన జంతువే. పక్క నుంచి తీసిన మేత ఫొటోలు పెద్దవి చేసి చూడండి.

రెప్పచాటు: ఇద్దరూ కనుపాప దగ్గరే ఆగిపోయారు, నా లెక్కలో మౌంట్‌ని నిలబెట్టేది రెప్ప. కన్ను కిందికి చూడటం వేరు, బండి చక్రంలా ఉన్నచోటే తిరగడం వేరు. మేస్తున్నప్పుడు జరిగేది రెండోది, కన్ను తిరుగుతుంది గానీ రెప్పలు తలతోనే ఉంటాయి, అందుకని కనుపాప తిప్పాం కదా అని రెప్పల ఆకారం కూడా తిప్పేస్తే మొత్తం పాడవుతుంది. ఇక తోలు ఒలిచేటప్పుడే రెప్ప లోపలి చర్మం కాస్త ఎక్కువ ఉంచుకుని, దాన్ని బాగా పలచన చేసి, గాజు కన్ను చుట్టూ పెట్టే క్లేకీ గాజుకీ మధ్య సందులోకి పలుచటి పనిముట్టుతో లోపలికంటా దోపి, పిన్నులు పెట్టాలి. ఎండేకొద్దీ తోలు ముడుచుకుని రెప్ప వెనక్కి లాగుతుంది, నెమ్మదిగా ఉండాల్సిన కన్ను గుడ్లురిమినట్టు అయిపోతుంది. రోజూ చూసి సర్దకపోతే కనుపాప ఎంత లెవెల్‌లో ఉన్నా ఏం లాభం.

పాతఉలి: రెప్ప మాట మాత్రం బంగారం. కనుపాప విషయంలో నా మాట నాదే, తల కొద్దిగా వంచిన మౌంట్‌కి తిప్పడం అనవసరం. మూతి గడ్డికి ఆనేంత వంచితే తిప్పొచ్చేమో, అదీ పూర్తిగా కాదు.

గాజుకన్ను: కొద్దిగా వంచితే కొద్దిగా తిప్పాలి, అంతే కదా అన్నా, ఎంత వంగితే అంత. చేసేవాళ్ళకి ఒక మాట, జింక గాజు కన్నులో కనుపాప నల్లగా కలిసిపోయి సరిగ్గా కనపడదు, పక్క నుంచి టార్చి వేసి చూసి, కనుపాప పొడుగునా గాజు మీద మార్కర్‌తో గీత గీసుకుని దానికి రసమట్టం పట్టండి. కుడి కన్ను ఒకవైపు తిరిగితే ఎడమది దానికి ఎదురువైపు తిరగాలి, రెండూ ఒకేవైపు తిప్పితే ఒక కన్ను సరిపోయి రెండోది ఇంకా చెడుతుంది.

రెప్పచాటు: ఆ గీత గీసే ముందే ఫోమ్ బొమ్మని స్టాండుకి బిగించెయ్యి. బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు పెడితే ఏ లెవెలూ నిలవదు.