కుందేళ్లు కొట్టడానికి రైతు ఇచ్చిన అనుమతి ఆగిపోయింది, మళ్లీ ఎలా అడగాలి?

ఇంగ్లండ్‌లో, లింకన్‌షైర్‌లో ఉంటాను. ఇక్కడ ఒక పెద్దాయన తన గోధుమ పొలంలో పైరు తినేసే కుందేళ్లను ఎయిర్ రైఫిల్‌తో కొట్టడానికి నోటిమాటగా ఒప్పుకున్నారు. రైఫిల్ .22 సైజుది, దాని శక్తి 12 ఫుట్‌పౌండ్ల లోపే, అందుకే ఇక్కడ లైసెన్స్ అక్కర్లేదు. వెళ్లే ముందు ప్రతిసారీ మెసేజ్ పెట్టేవాణ్ణి, గేట్లు మూసేవాణ్ణి, గొర్రెల వైపు అసలు పోయేవాణ్ణి కాదు.

మార్చిలో సాగు ఆయన కొడుకు చేతికి వచ్చింది. గొర్రెలు ఈనే సీజన్ అయ్యేదాకా రావద్దన్నాడు, సరేనన్నాను. మే నెలకి అది అయిపోయింది. అప్పటినుంచి ఫోన్ ఎత్తడు. ఇన్సూరెన్స్ కాపీ, సంతకం కోసం అనుమతి పత్రం పోస్టులో పంపాను, జవాబు లేదు. పెద్దాయనేమో "ఇప్పుడు వాడిదే నిర్ణయం" అంటున్నారు. అనుమతి లేకుండా ఎయిర్ రైఫిల్‌తో పొలంలో అడుగుపెట్టినా 1968 ఫైర్ఆర్మ్స్ చట్టం కింద నేరమే, అందుకే వెళ్లడం మానేశాను. ఆ పొలంలో కుందేళ్లు కొట్టే అవకాశం పోతుందేమోనని నిజంగా టెన్షన్‌గా ఉంది.

రైఫిల్ లేకుండా నేరుగా ఇంటికెళ్లి కొడుకునే అడగాలా, లేక కోతలు అయ్యేదాకా ఆగాలా?