కంటెంట్ రైటర్‌ని పెట్టుకునే ముందు ఉచితంగా శాంపిల్ రాయించుకోవడం న్యాయమేనా?

మోతీనగర్ పచ్చళ్లు
అందరికీ నమస్కారం. మోతీనగర్‌లో ఇంట్లోనే పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతాం. నేను, మా అత్తగారు, సాయానికి ఇద్దరు ఆడవాళ్లు. ఇన్నాళ్లూ ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. ఈ మధ్యే వెబ్‌సైట్ పెట్టాం. 12 పచ్చళ్లకు ఒక్కో పేజీ రాయించాలి. ముగ్గురు ఫ్రీలాన్సర్లతో మాట్లాడాను. ఒకాయన ఉచితంగా ఒక పేజీ రాసి పంపుతానన్నారు. మిగతా ఇద్దరూ "మా పాత పనులు చూడండి, మీకోసం కొత్తగా రాయాలంటే డబ్బు ఇవ్వాలి" అన్నారు. "ఊరికే రాసి చూపించనివాళ్లని పెట్టుకోకు వదినా" అంటున్నాడు మా మరిది. ఊరికే రాయించుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. అలాగని చూడకుండా డబ్బు పెట్టాలన్నా భయంగా ఉంది. మీరేమంటారు?

బేగంబజార్ పప్పులు
మీ మరిది చెప్పిందే కరెక్ట్ అక్కా. మా దగ్గర కందిపప్పు కొనేవాళ్లు ముందు మచ్చు చూస్తారు. గుప్పెడు అరచేతిలో పోసుకుని, రెండు బద్దలు నోట్లో వేసుకుని, ఆ తర్వాతే రేటు అడుగుతారు. మచ్చు చూపించనంటే నా షాపు ముందు ఎవరు నిలబడతారు?

రెండేళ్ల కిందట ఒకాయనకి 6,000 అడ్వాన్స్ ఇచ్చాను. పాత పనులు బాగానే చూపించాడు. నాకు పంపింది మాత్రం వేరే ఊరి షాపు సైటు నుంచి ఎత్తుకొచ్చింది. ఒక పేరాలో ఇండోర్ అనే పేరు కూడా మార్చలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ డబ్బు మళ్లీ నా చేతికి రాలేదు.

ఆరేళ్ల రాత
బేగంబజార్ అన్నా, మీకు జరిగింది మోసమే. అందులో రెండో మాట లేదు. కానీ మచ్చు అంటే బస్తాలో అప్పటికే ఉన్న గింజలు కదా. నా బస్తాలో ఉన్నవి నా పాత పనులు. అవి ఎన్నైనా చూపిస్తాను. అక్కవాళ్ల ఆవకాయ గురించి నా బస్తాలో ఏమీ లేదు. అది రాయాలంటే ఆమెతో మాట్లాడాలి, తెలుసుకోవాలి, రాసి దిద్దాలి. అది పూర్తి పని.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఉచిత శాంపిళ్లు రాసేవాణ్ణి. ఒక నెలలో తొమ్మిది రాశాను. పని ఇచ్చింది ఒక్కరు. జవాబు కూడా ఇవ్వనివాళ్లలో ఇద్దరి సైట్లలో నా పేజీలు అక్షరం మారకుండా కనిపించాయి. ఆ నెల మెస్ బిల్లు మా అన్నయ్య కట్టాడు.

ఆ తొమ్మిదింటిలో ఒకటి ఆవకాయ మీదే. ఆ కొట్టువాళ్లు ఒక్క వివరం కూడా చెప్పకుండా "మీరే రాసి పంపండి, చూస్తాం" అన్నారు. నేను "టెంక తీసి కోసిన మెత్తని ముక్కలు" అని రాశాను. ఆవకాయ పెట్టడం అప్పటిదాకా దగ్గరుండి చూసింది లేదు. ముక్కకి టెంక ఉండాలి, జీడి తీసేసి లోపలి పొర తుడిచేయాలి, టెంక లేకపోతే ముక్క మెత్తబడిపోతుంది అని తర్వాత మా అమ్మ చెప్పింది. ఆవకాయ తెలిసినవాళ్లు ఆ ఒక్క వాక్యం దగ్గరే పేజీ మూసేస్తారు.

కొట్టు చూడనివాడు ఊహించి రాసిన మాటలే ఉచిత శాంపిల్‌లో ఉంటాయి. వాటిని బట్టి ఎంచుకుంటే బాగా ఊహించేవాడు దొరుకుతాడు. మీకు కావాల్సింది బాగా అడిగి తెలుసుకునేవాడు.

అక్కా, పాత పనులు చూసి ఇద్దరిని అనుకోండి. ఇద్దరికీ ఒకే పచ్చడి ఇచ్చి, డబ్బిచ్చి రాయించండి. నేనైతే ఇలాంటి పేజీకి 800 తీసుకుంటాను. రాసే ముందు మీతో ఒక అరగంట మాట్లాడమనండి. ఆ అరగంటలో వాళ్లు ఏమేం అడిగారో గమనించండి. నా లెక్కలో సగం పరీక్ష అక్కడే అయిపోతుంది.

మాదాపూర్ డిజైన్
ఇంత చర్చ దేనికి? 2022 నవంబర్ నుంచి చాట్‌జీపీటీ అందరి చేతిలో ఉంది. 12 పేజీలు మధ్యాహ్నం భోజనం లోపు అయిపోతాయి.

ఆరేళ్ల రాత
నేనూ వాడతాను, తప్పులు చూసుకోవడానికి. ఏఐతో రాసిన ఒక్క కారణానికే పేజీని వెతుకులాట ఫలితాల్లో వెనక్కి నెట్టబోమని గూగుల్ 2023 ఫిబ్రవరిలోనే చెప్పింది. 2024 మార్చిలో ఇంకో మాట కూడా చెప్పింది: చదివేవాళ్లకి ఉపయోగం లేని పేజీలు గుట్టలుగా తయారుచేస్తే, మనిషి రాసినా మిషన్ రాసినా, అది స్పామే, అంటే చెత్త కిందే లెక్క. అత్తగారు ఆవపిండి ఏ పాళ్లలో వేస్తారో అక్క చెబితే తప్ప ఏ మిషన్‌కీ తెలియదు. అక్క కూర్చుని అదంతా చెప్పగలిగితే ఏఐతోనైనా మంచి పేజీ వస్తుంది. కానీ పచ్చడి పెట్టే సీజన్‌లో ఆమెకి ఆ తీరిక ఎక్కడిది?

బేగంబజార్ పప్పులు
ఇద్దరికీ కలిపి 1,600. రెండూ బాగోలేకపోతే? చిన్న కొట్టుకి అది ఒక రోజు మిగులు. పైగా చూపించిన పాత పనులు వాళ్లవేనని నమ్మకం ఏమిటి? నా దెబ్బ అక్కడే తగిలింది.

ఆరేళ్ల రాత
ఆ భయం న్యాయమైనదే అన్నా. పాత పని చూపించినప్పుడు అది ఎవరికోసం రాశారో వాళ్ల నంబర్ అడగండి, ఫోన్ చేసి మాట్లాడండి. వచ్చిన రాతలోంచి ఒక పొడుగు వాక్యం కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. మీ ఇండోర్ పేజీ అక్కడికక్కడే దొరికిపోయేది. ఇక 6,000 ఒకేసారి ఇవ్వకండి. మూడు పేజీలు రాగానే మూడింటికీ ఇవ్వండి. అలా అయితే పోయినా ఒక విడతే పోతుంది.

అకౌంట్స్ అక్క
ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. డబ్బు ఇచ్చినంత మాత్రాన రాత మీదైపోదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం జీతానికి ఉన్న ఉద్యోగి డ్యూటీలో భాగంగా రాస్తే హక్కు యజమానిది. ఫ్రీలాన్సర్ రాస్తే మామూలుగా మొదటి హక్కు రాసినవాళ్లదే. అది మీకు రావాలంటే కాగితం మీద వాళ్ల సంతకం ఉండాలి, సెక్షన్ 19 చెప్పేది అదే. ఆ కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే ఇచ్చినట్టు లెక్క. మీకు అమెరికా ఆర్డర్లు ఉంటే ఇది చిన్న విషయం కాదు.

ఉచిత శాంపిల్‌ని సైట్‌లో పెట్టేసుకునేవాళ్ల దగ్గర ఆ కాగితం ఉండదు. అదే నన్ను అన్నిటికన్నా బాధపెట్టే విషయం. కుర్రవాళ్ల కష్టం అలా పోకూడదు.

మోతీనగర్ పచ్చళ్లు
ఉచితంగా రాస్తానన్నాయన పేజీ ఇవాళ వచ్చింది. కాకరకాయ పచ్చడి గురించి. చదవడానికి బాగుంది. "షుగర్‌ను అదుపు చేసి మందులు తగ్గిస్తుంది" అని రాశారు. పెట్టొచ్చా?

అకౌంట్స్ అక్క
వద్దమ్మా, ఆ వాక్యం ముట్టుకోవద్దు. తిండి పదార్థం జబ్బు నయం చేస్తుందని ప్రకటించకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) 2018 నిబంధనల్లో ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2006 ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. సీసా మీద ఉండేది మీ పేరు, మీ లైసెన్స్ నంబర్. రాసినాయన పేరు ఉండదు. పైగా అది చదివి ఎవరైనా నిజంగా మాత్రలు మానేస్తే?

మోతీనగర్ పచ్చళ్లు
రెండు వారాలైంది, ఏం జరిగిందో చెబుతాను. ఇద్దరికీ చెరో 800 ఇచ్చి ఆవకాయ పేజీ రాయించాను. ఒకరు ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడి రాశారు. తప్పులేమీ లేవు, కానీ అది ఎవరి ఆవకాయైనా కావచ్చు. రెండో అమ్మాయి ఇంటికి వస్తానంది. ఆవకాయ కలిపిన మూడో రోజు, తిరగకలిపే వేళకి వచ్చింది. మా అత్తగారు జాడీలోకి గరిటె దించి, పైకి తేలిన నూనె వేలికి అద్దుకుని ఉప్పు చూస్తుంటే, "ఉప్పు తగ్గితే ఇప్పుడు ఏం చేస్తారు అమ్మమ్మా?" అని అడిగింది. అత్తగారు గరిటె పక్కన పెట్టి పావుగంట చెప్పారు. నేను ఈ ఇంటికి వచ్చి 14 ఏళ్లు, అందులో సగం నాకూ తెలియదు.

మిగతా 11 పేజీలూ ఆ అమ్మాయికే ఇచ్చాను. అకౌంట్స్ అక్క చెప్పినట్టు కాగితం రాసుకున్నాం, గడువు, దేశాలు అన్నీ వేసి. మూడేసి పేజీలకు డబ్బు. ఉచితంగా రాసినాయన పేజీ వాడడం లేదని ఆయనకి ఫోన్ చేసి చెప్పాను.

బేగంబజార్ పప్పులు
ఉచిత మచ్చు విషయంలో నా మాట నాదే అక్కా. మోసపోయినవాడికి ఆ మాత్రం పట్టు ఉంటుంది. కానీ ఆ అమ్మాయి మా షాపుకి కూడా వచ్చి ఒక పూట కూర్చుంటుందేమో అడగండి. 800 ఇస్తాను. ఆ కాగితం నమూనా కూడా పంపండి.