సమస్యాపూరణం: “కోడి చచ్చి తిరిగె కోటి చుట్లు”

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది (నాలుగు పాదాల పద్యం) నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు రాసి దానికి అర్థం కుదర్చాలి.

కోడి చచ్చి తిరిగె కోటి చుట్లు

ఇది ఎలా పుట్టిందో చెప్పాలి. మొన్న శనివారం సాయంత్రం హైదరాబాదు టోలిచౌకిలో పారామౌంట్ కాలనీ వైపు నడుస్తున్నాం, ఎటు చూసినా హోటల్ ముందు గాజు పెట్టె, అందులో చువ్వలకు గుచ్చిన కోళ్లు. మా అబ్బాయి నా చెయ్యి పట్టుకుని ఆగిపోయి “నాన్నా, చచ్చిపోయాక కూడా తిరుగుతున్నాయేంటి?” అన్నాడు. ఇల్లు చేరేసరికి ఆ మాట పాదమైపోయింది. పూరణ ఏ విషయం మీదైనా చెయ్యవచ్చు, కానీ గ్రిల్ చికెన్ మీద రాస్తే మీ పేటలో ఏది బాగుంటుందో, ఎందుకు బాగుంటుందో కూడా పద్యం కింద రాయండి. నేనడిగేది తిరిగే కోడి గురించే, బొగ్గుల మీద పరిచి కాల్చే అల్ఫహమ్ వేరు, దాని సంగతి ఇంకో వారం చూద్దాం.

గోల్కొండ బాటసారి:
గురువుగారూ, మా పేట సమస్యే ఇచ్చారు, ఆగలేకపోయాను.

గాజు పెట్టె లోన గ్యాసు మంటకు ముందు
ఇనుప చువ్వ మీద నెరుపు దేరి
వరుస లోన నొదిగి వాసన జల్లుచు
కోడి చచ్చి తిరిగె కోటి చుట్లు

నేను ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. మసాలా అందరిదీ ఇంచుమించు ఒకటే, నిమ్మరసం, పెరుగు, కారం, మిరియాలు. తేడా అంతా తిప్పడంలో ఉంది. కోడి తిరుగుతుంటే చర్మం కింది కొవ్వు కరిగి కారిపోకుండా ఒంటి చుట్టూ పాకి చర్మాన్ని కరకరలాడేలా చేస్తుంది, పై వరుసలో కరిగినది కింది వరుస మీద పడుతుంది. అందుకే నేను కింది చువ్వ కోడే అడుగుతాను. పెట్టె తలుపు మాటిమాటికీ తీసే చోట వేడి నిలవదు, అక్కడ చర్మం తోలులా సాగుతుంది.

ఛందోప్రియ:
పద్యం హాయిగా నడిచింది. ‘లోన గ్యాసు’ దగ్గర తర్వాతి ‘గ్యా’ జంటాక్షరం వల్ల ‘న’ గురువు (బరువక్షరం) అవుతుందా అని ఒక్క క్షణం ఆగాను, కానీ రెండూ వేర్వేరు పదాలు, సమాసం కాదు కాబట్టి లఘువే (తేలికక్షరమే). ‘గా’కి ‘గ్యా’, ‘ఇ’కి ‘ఎ’, ‘వ’కి ‘వా’, యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి మధ్యలో నిర్ణీత చోట ఉండే అక్షరంతో పొత్తు) సరిపోయాయి. ‘ఎరుపు దేరి’ అన్న మాట నాకు బాగా నచ్చింది, కోడి రంగు మారడం కళ్లకు కట్టింది.

కొత్త కలం:
అన్నలకూ అక్కలకూ నమస్కారం. ఛందస్సు నేర్చుకోవడం మొదలుపెట్టి రెండు నెలలైంది, తప్పులుంటే చెప్పండి.

ఆకలైన వేళ వీధి వీధి తిరిగి
అలసి వచ్చి నిలువ నద్ద మవల
నన్ను మించి తాను నాల్గింటి నుండియు
కోడి చచ్చి తిరిగె కోటి చుట్లు

ఇది నిజంగా జరిగింది. రాత్రి తొమ్మిదిన్నరకు ఒక చోట హాఫ్ (సగం కోడి) తీసుకున్నాను, పెట్టెలో మిగిలినది ఒకటే. రూముకొచ్చి విప్పితే రొమ్ము ముక్క పీచులు పీచులుగా ఊడింది, మయోనైజ్ ముంచుకుంటే గానీ గొంతు దిగలేదు. ఎప్పటి నుంచి తిరుగుతోందని మర్నాడు అడిగితే నాలుగింటికి పెట్టామన్నారు.

ఛందోప్రియ:
తమ్ముడూ, గణాలన్నీ (గురులఘువుల లెక్క) కుదిరాయి, రెండు నెలలకు ఇది చాలా మంచి పట్టు. యతి మాత్రం మొదటి పాదంలో తప్పింది, ‘ఆ’కి ‘వీ’ చెల్లదు. ఇలా మార్చి చూడు:

ఆకలైన వేళ నన్ని వీధులు చుట్టి

‘వేళన్ + అన్ని’ కాబట్టి ‘ఆ’కి ‘అ’ యతి కుదిరింది. రెండో పాదం ‘యలసి’ అని మొదలుపెడితే విసంధి (ముందు పాదంతో సంధి కలవని దోషం) కూడా పోతుంది. మూడో పాదం జోలికి మాత్రం వెళ్లకు. మనిషి తిరుగుడూ కోడి తిరుగుడూ పక్కపక్కన పెట్టావు చూడు, పద్యానికి ప్రాణం అక్కడే ఉంది.

గోల్కొండ బాటసారి:
తమ్ముడూ, నాలుగింటి కోడిని తొమ్మిదిన్నరకు ఎప్పుడూ కొనకు. కిలో కోడి సుమారు గంట, గంటన్నరలో ఉడికిపోతుంది, ఆ తర్వాత వేసే ప్రతి చుట్టూ దాన్ని ఎండబెట్టడమే. నేనొకసారి నిలబడి లెక్కపెట్టాను, నిమిషానికి మూడు చుట్లు తిరిగింది. గంటన్నరకు 270 చుట్లు, అంతే. ఏడు, ఏడున్నర మధ్య వెళ్లు, అప్పుడు ఒక వాయి దిగి ఇంకోటి ఎక్కుతుంటుంది. కొట్టించే ముందు తొడ కీలు దగ్గర చిన్న గాటు పెట్టమను, కారే రసం తేటగా ఉంటే తీసుకో, గులాబీ రంగులో ఉంటే ఇంకాసేపు తిప్పమను. ఎముక దగ్గర పచ్చిగా ఉన్న కోడి ఎండిన కోడి కంటే ప్రమాదం.

మయోనైజ్ మాటొచ్చింది కాబట్టి చెప్తున్నాను. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది, జనం జబ్బు పడ్డాకే అంత దూరం వచ్చింది. నేనైతే గుడ్డు లేని వెల్లుల్లి పేస్టు అడిగి తీసుకుంటాను, వెల్లుల్లి, నూనె, నిమ్మరసం కలిపి తెల్లగా నురగొచ్చేదాకా రుబ్బింది. వేడి కుబూస్ రొట్టె చించి దాంతో తింటే ఇంకేదీ అక్కర్లేదు.

ఛందోప్రియ:
నా పూరణ, క్రమాలంకారంలో:

ఏది గ్రిల్లు నెక్కె? నెట్టుల నెక్కెను?
ఎక్కి యేమి సేసె? నెన్ని మార్లు?
చెప్పు మనగ దోచె చిత్రమౌ బదులిట్లు
కోడి, చచ్చి, తిరిగె, కోటి చుట్లు

నిర్వాహకుడు:
అమ్మా, సమస్యను ముక్కలు చేసి నాలుగు ప్రశ్నలకు నాలుగు జవాబులు చేశారు, ఒక్క మాట కూడా మిగల్లేదు. అవధాన సభల్లో ఇలాంటి పూరణ పడితే చప్పట్లు ఆగవు.

క్వీన్సు తెలుగు:
న్యూయార్కు నుంచి నమస్తే. నేనుండేది క్వీన్సులోని జాక్సన్ హైట్స్‌లో. 74వ వీధిలో మన సరుకుల కొట్లు, రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద నెత్తిన 7వ నంబరు రైలు, దాని కింద దక్షిణ అమెరికా వాళ్ల హోటళ్లు. పెరూ కోడి రుచి ఇక్కడే మరిగాను.

లీమ పట్న మందు లేత కోడిని గ్రుచ్చి
బొగ్గు సెగను గాల్ప బుట్టె రుచులు
క్వీన్సు చేరి నేడు కిటికీల వెనుకనే
కోడి చచ్చి తిరిగె కోటి చుట్లు

దీన్ని వాళ్లు పోయో ఆ లా బ్రాసా అంటారు. 1950 ప్రాంతంలో లీమా శివార్లలో రోజర్ షూలర్ అనే స్విట్జర్లాండ్ ఆయన మొదలుపెట్టాడు, ఒకేసారి చాలా కోళ్లు తిరిగేలా యంత్రం చేసిపెట్టింది ఫ్రాంజ్ ఉల్రిచ్. పెరూలో జులై మూడో ఆదివారం ఈ కోడికే ఒక రోజు కేటాయించారు. మసాలాలో జీలకర్ర, వెల్లుల్లి ఉండటంతో మొదటి ముద్దకే మన ఇంటి వంట గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. పక్కన ఇచ్చే పచ్చమిర్చి చట్నీ లాంటి అహి వెర్దే ఉంటే చాలు నాకు. ఈ పేటలో మంచి చోటు కావాలంటే బోర్డులు చూడకండి, గుమ్మం దగ్గర బొగ్గు వాసన వస్తోందో లేదో చూడండి. గ్యాసు మీద తిప్పిన దానికి ఆ పొగ రాదు.

గోల్కొండ బాటసారి:
అన్నా, పొగ మాట ఒప్పుకుంటాను. మా దగ్గర తిరిగేవి చాలావరకు గ్యాసువే. పొగ కావాలనిపిస్తే మేమూ అల్ఫహమ్ వైపే పోతాం.

శాకాహారి:
నేను కోడి తినను, అయినా సమస్య వదలబుద్ధి కాలేదు.

శాకభోజి నేను చాటుగా నిలుచుండ
పక్క బండి పిలిచె బాగ వేగి
నూనె మూకుడందు నురగల నుల్లి ప
కోడి చచ్చి తిరిగె కోటి చుట్లు

ఛందోప్రియ:
‘ఉల్లి ప’ దగ్గర పాదం విరిచి ‘కోడి’ని పకోడి చేసేశారు! ‘శా’కి ‘చా’ యతి చెల్లుతుంది. ఒక్కటే అడుగుతాను, పకోడి ‘చచ్చి’ తిరగడం ఎలా కుదురుతుంది?

శాకాహారి:
ఎండకు చచ్చిపోయాం అంటాం కదక్కా, అలాగే కాగే నూనెకు. పిండిలో మెత్తగా ఉన్న ఉల్లి మూకుడులో పడగానే బిగుసుకుపోతుంది, ఆ తర్వాతే గరిటెకు తిరుగుతుంది.

నిర్వాహకుడు:
ఒప్పుకుంటున్నాను, వాడుకలో ఉన్న మాటే. ఈ వారం మొదటి స్థానం ఛందోప్రియ గారి క్రమాలంకారానికి. అయితే నాకు మళ్లీ మళ్లీ చదవాలనిపిస్తున్నది కొత్త కలం మూడో పాదమే. ‘నాల్గింటి నుండియు’ అన్న ఒక్క మాటలో ఆ కోడి ఎందుకు ఎండిపోయిందో ఉంది. బాబూ, దిద్దిన పద్యం మొత్తం మళ్లీ ఒకసారి రాసి పెట్టు.

కొత్త కలం:
ఇదిగో గురువుగారూ. ఈరోజు ఏడుంబావుకు వెళ్లాను, కింది చువ్వది అడిగాను, గాటు పెడితే రసం తేటగా కారింది. ఆ వేడి మీదే తినేసి వచ్చి రాస్తున్నాను, వేళ్లకు ఇంకా నిమ్మ వాసన ఉంది.

ఆకలైన వేళ నన్ని వీధులు చుట్టి
యలసి వచ్చి నిలువ నద్ద మవల
నన్ను మించి తాను నాల్గింటి నుండియు
కోడి చచ్చి తిరిగె కోటి చుట్లు