కెనడాలో గంజాయి నర్సరీ లైసెన్సు: పువ్వుకు ఇన్ని ఆంక్షలు, మొక్క ఆరోగ్యానికి ఒక్కటీ లేదా?

తల్లిమొక్క:
కెనడాలో 2018 అక్టోబరు 17న గంజాయి చట్టబద్ధమైంది. అప్పటి నుంచి నర్సరీలకు విడిగా లైసెన్సు ఉంది. అవి విత్తనాలు, మొక్కలు అమ్మవచ్చు, పువ్వు అమ్మకూడదు. మొదట్లో విత్తనం కోసం పూతకు వదిలే స్థలం 50 చదరపు మీటర్లు దాటకూడదన్నారు, 2025లో దాన్ని 200కు పెంచారు. 2018 నిబంధనల్లో మరో మెలిక ఉంది: కోసిన పువ్వును 30 రోజుల్లో ధ్వంసం చేయాలి. పూత చూడకుండా మంచి తల్లిమొక్కను, అంటే నారు కోసం కొమ్మలు కోసుకునే మొక్కను, ఎంచుకోవడం ఎవరి తరం? ఎంపిక అయ్యాక మిగిలిన పంటను తగలేయమనడం అన్యాయం కాదా?

నిక్కచ్చి:
కాదు. పెద్ద సాగుదారులు రాత్రింబగళ్లు కెమెరాలు, చొరబాటు హెచ్చరిక యంత్రాలు పెట్టుకోవాలి. నర్సరీకి ఆ భారం లేదు, చుట్టూ అడ్డుగోడ ఉండి పరాయివారు రాకుండా చూసుకుంటే చాలు. కాపలా తేలిక, సరుకు ఖరీదు, రెండు సౌకర్యాలూ మీకేనా? పువ్వు అమ్ముకోవాలంటే చిన్న విస్తీర్ణంలో పండించేవాళ్లకిచ్చే సూక్ష్మ సాగు లైసెన్సు తీసుకోండి.

తల్లిమొక్క:
తీసుకోండి అనడం తేలికే. 2019 మే నుంచి కొత్త దరఖాస్తుదారు ముందు కట్టడం పూర్తిచేసి, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టాలి. అనుమతి వస్తుందో రాదో తెలియని షెడ్డుకు అప్పు ఎవరిస్తారండీ?

కత్తెర:
మీరిద్దరూ పువ్వు దగ్గరే ఆగిపోయారు. నర్సరీ అమ్మేది మొక్క కదా, దాని సంగతేమిటి? మొక్కలకు జబ్బు తెచ్చే, వైరస్ కన్నా చిన్నదైన హాప్ లేటెంట్ వైరాయిడ్ 2019లో కాలిఫోర్నియా గంజాయి తోటల్లో బయటపడింది. ఇది సోకిన తల్లిమొక్క పచ్చగా, నవనవలాడుతూనే ఉండవచ్చు. దాని కొమ్మలు కోసిన కత్తెరతోనే పక్క మొక్కనూ కోస్తే జబ్బు అక్కడికీ పాకుతుంది. చాలామంది కత్తెరను ఆల్కహాల్‌తో తుడిచి నిశ్చింతగా ఉంటారు, దానికి వైరాయిడ్ లొంగదు. బ్లీచు ద్రావణంలో ముంచాలి. కొన్నవాడికి తెలిసేది పూత సమయంలో, మొగ్గలు చిన్నబోయి, కాడలు పెళుసెక్కాక. పువ్వును గ్రాముల లెక్కన తూచే నిబంధనలు ఈ పరీక్షను మాత్రం అడగవు. నాకు ఇదే విడ్డూరం.

నిక్కచ్చి:
అడిగితే జరిగేది చెబుతాను. వైరాయిడ్ మొక్క అంతటా సమంగా ఉండదు. ఆకులో కనబడనిది వేరులో దొరుకుతుంది. ఏదో ఒక ఆకు పంపి «జబ్బు లేదు» అని కాగితం తెచ్చుకుంటారు. ఆ కాగితాన్ని నమ్మి కొనేవాడు అసలే కాగితం లేనివాడికన్నా ఎక్కువ నష్టపోతాడు. కొనేవాళ్లు ఒప్పందంలో షరతు రాసుకుంటే సరిపోతుంది.

కత్తెర:
ఒప్పందాలు రాసుకునేది పెద్ద సంస్థలు. ఇంట్లో నాలుగు మొక్కల పరిమితికి లోబడి ఒక్క నారు కొనుక్కునే మనిషి ఎవరితో రాసుకుంటాడు? పరీక్ష లోపభూయిష్టమైతే ఎలా చేయాలో కూడా నిబంధనే చెప్పాలి: తల్లిమొక్కకు, వేరు నమూనాతో, నిర్ణీత వ్యవధిలో. చివరిసారి ఏ తేదీన చేశారో లేబుల్ మీద ఉండాలి.

తల్లిమొక్క:
ఈ ఖర్చు భరించడానికి నేను సిద్ధమే. మరి పువ్వు తగలేయడం మాన్పించండి, ఆ డబ్బుతోనే పరీక్షలు చేయిస్తాను.

నిక్కచ్చి:
బేరం మొదలైంది! పరీక్షకు ఒప్పుకుంటాను, పువ్వుకు మాత్రం ఒప్పుకోను.