పార్కులో గట్టు మీద నుంచి వలస డేగలు చూడాలి: తేదీలు, గాలి, గుర్తులు, లెక్క

నీలిరెక్క అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. తూర్పు పెన్సిల్వేనియాలో మేం ఆరుగురం. ఈసారి సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా వలస డేగలను ఒక పద్ధతిగా చూసి లెక్క రాయాలని అనుకుంటున్నాం. పార్కులో ఒక గట్టు ఉంది. ఉత్తరం వైపు రెండు మూడు మైళ్ల వరకు చెట్లేవీ అడ్డు లేవు. మామూలు పక్షులతో మాకు ఇబ్బంది లేదు. ఆకాశంలో చుక్కలాంటి డేగ కనిపిస్తే మాత్రం ఆరుగురం ఆరు పేర్లు చెబుతున్నాం.

తెలియాల్సినవి ఇవి. సెలవులు ఏ తేదీలకు పెట్టుకోవాలి, ఎలాంటి గాలి ఉన్న రోజు వెళ్లాలి? డేగ జాతుల్లో షార్ప్-షిన్డ్‌కీ కూపర్స్‌కీ దూరం నుంచి తేడా ఎలా పట్టాలి? బ్రాడ్-వింగ్డ్ డేగల గుంపు సుడి తిరుగుతుంటే ఒక్కటి కూడా వదలకుండా, రెండుసార్లు కలపకుండా ఎలా లెక్కించాలి? మా దగ్గర అన్నీ 8×42 (8 రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. కటకాల) బైనాక్యులర్లే. 10×42 కొనాలా, స్కోప్ (ఒంటికన్ను దూరదర్శిని) కొనాలా?

గాలివాటం:

ముందు తేదీలు. బ్రాడ్-వింగ్డ్ కోసమైతే సెప్టెంబర్ 12 నుంచి 24 మధ్య వీలైనన్ని రోజులు ఖాళీ ఉంచుకోండి. సీజన్ మొత్తంలో వచ్చే బ్రాడ్-వింగ్డ్‌లలో ఎక్కువ భాగం రెండు మూడు రోజుల్లోనే దాటిపోవచ్చు. అందుకే ఒక్క శనివారాన్ని నమ్ముకోవడం జూదం. ఆ నెల చివరి వారానికల్లా ఆ ప్రవాహం టెక్సస్ చేరిపోతుంది. సముద్రం దాటడం ఇష్టంలేక మెక్సికో గల్ఫ్ అంచు పట్టుకుని పోతాయి కాబట్టి కార్పస్ క్రిస్టీ దగ్గర హేజల్ బేజ్‌మోర్ పార్కు మీద లక్షల్లో దాటుతాయి.

సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ మధ్య దాకా షార్పీలు (షార్ప్-షిన్డ్), కెస్ట్రెల్‌లు, మెర్లిన్‌లు. కెస్ట్రెల్, మెర్లిన్ లాగే ఫాల్కన్ (కోసు రెక్కల డేగ) అయిన పెరిగ్రిన్ కావాలంటే అక్టోబర్ మొదటి పదిరోజులు. కూపర్స్ కొంచెం వెనకగా, అక్టోబర్ మొదటి సగంలో. రెడ్-టెయిల్డ్, రెడ్-షోల్డర్డ్, గోల్డెన్ ఈగల్ కోసం అక్టోబర్ చివరి నుంచి నవంబర్ మధ్య వరకు. చలికి భయపడి నవంబర్‌లో మానేసేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ఆ నెలే మంచిది, పక్షులు పెద్దవి, తక్కువ ఎత్తులో నిదానంగా వస్తాయి.

గాలి సంగతి. కోల్డ్ ఫ్రంట్ (ముందుకొచ్చే చల్లగాలి అంచు) దాటిన మరుసటి రోజు, ఆ పై రోజు వెళ్లండి. వాన వెలిసి, పీడనం పెరుగుతూ, గాలి వాయవ్యానికి తిరగడం గుర్తు. దక్షిణపు గాలి వీస్తూ ఆకాశం మూసుకుని ఉంటే ఇంట్లో ఉండిపోవచ్చు. అయితే అన్ని జాతులకూ ఒకే సూత్రం పనికిరాదు. బ్రాడ్-వింగ్డ్‌కి వేడెక్కి పైకి లేచే గాలి, అంటే థర్మల్, కావాలి. ఎండ ఉండి గాలి నెమ్మదిగా ఉంటే చాలు. గాలి మరీ ఉధృతంగా ఉంటే థర్మల్ చెదిరిపోతుంది. రెడ్-టెయిల్డ్, గోల్డెన్ ఈగల్‌లకు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అపలేచియన్ కొండవరసలు ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి. వాయవ్య గాలి వాటికి అడ్డంగా తగిలి పైకి లేస్తుంది, గంటకు 15 నుంచి 25 మైళ్ల గాలి ఉంటే ఇవి రెక్క కొట్టకుండా కొండ అంచు వెంట జారిపోతాయి.

ఇక్కడే మీ గట్టుకు చిక్కుంది. అది కొండవరస మీద లేకపోతే, గాలి బలంగా ఉన్న రోజు పక్షులన్నీ కొండనే పట్టుకుని పోతాయి, మీకు ఖాళీ ఆకాశం మిగులుతుంది. అలాంటి రోజు పెన్సిల్వేనియాలోనే కొండవరస మీదున్న డేగల లెక్క స్థావరం హాక్ మౌంటెన్‌కి వెళ్లండి. థర్మల్ రోజులు మీ గట్టు మీద గడపండి.

నీటి అంచుల లెక్క వేరు. నీటి మీద థర్మల్‌లు సరిగా లేవవు కాబట్టి డేగలు పెద్ద సరస్సు దాటకుండా ఒడ్డు వెంట పోగవుతాయి. డులూత్‌లో హాక్ రిడ్జ్, డెట్రాయిట్ నది ముఖద్వారంలో లేక్ ఈరీ మెట్రోపార్క్ అందుకే పేరుపడ్డాయి. న్యూజెర్సీ తీరంలోని కేప్ మేలో వాయవ్య గాలి పక్షులను తీరానికి నెడుతుంది, వాటిలో ఎక్కువ భాగం ఆ ఏడు పుట్టిన పిల్లలే.

రోజులో వేళలు: షార్పీలు పొద్దున్నే చెట్ల మీదుగా తక్కువ ఎత్తులో మొదలెడతాయి. బ్రాడ్-వింగ్డ్ రాత్రి పడుకున్న అడవి నుంచి తొమ్మిది ప్రాంతంలో లేస్తాయి. మధ్యాహ్నం ఏమీ లేవనిపిస్తుంది. నిజానికి ఉంటాయి, కంటికి ఆననంత ఎత్తులో. మూడు దాటాక మళ్లీ కిందికి దిగుతాయి.

పోయిన ఏళ్లలో మీకు దగ్గరి స్థావరంలో ఏ రోజు ఎన్ని వచ్చాయో, డేగల లెక్కలు చేర్చే హాక్‌కౌంట్ వెబ్‌సైట్‌లో రోజువారీగా ఉంటుంది. హాక్ మౌంటెన్ లెక్క 1934 నుంచి సాగుతోంది, మధ్యలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆగింది. ఆ పట్టికలు ముందు వేసుకుని సెలవు అడగండి.

తోకచార:

ఆరుగురు ఆరు పేర్లు చెబుతున్నారంటే పేరుతో మొదలెడుతున్నారన్నమాట. గట్టు మీద ఒక నియమం పెట్టుకోండి. ముందు రెక్క ఆకారం, తర్వాత ఎగిరే తీరు, తర్వాత తల, తోక. ఇవి పైకి చెప్పాకే పేరు. పరిమాణం మాట అసలు ఎత్తొద్దు. పక్కన కొలతకి ఏమీ లేని ఆకాశంలో దూరాన ఉన్న పెద్దదీ దగ్గరున్న చిన్నదీ ఒకేలా కనిపిస్తాయి. పైగా ఆడ షార్పీ, మగ కూపర్స్ సైజులో బాగా దగ్గరగా ఉంటాయి.

షార్పీ: రెక్క కొట్టడం ఎంత వేగమంటే లెక్కపెట్టలేరు. నాలుగైదు చప్పున కొట్టి కాసేపు జారుతుంది, గాలి విసురుకి ఊగిపోతుంది. జారేటప్పుడు రెక్కల మడతలు ముందుకి తోసుకొచ్చి తల వాటి మధ్య దాదాపు దాక్కుంటుంది. తోక చివర అడ్డంగా కోసినట్టు ఉంటుంది.

కూపర్స్: తల స్పష్టంగా ముందుకి పొడుచుకొస్తుంది, రెక్కల ముందు అంచు ఇంచుమించు తిన్నగా ఉంటుంది. తోక పొడవు, చివర గుండ్రం, తెల్ల అంచు వెడల్పు. రెక్క కొట్టడం కొంచెం బిగుతుగా, లెక్కపెట్టగలిగేంత నిదానంగా ఉంటుంది.

ఇందులో వల ఎక్కడుందంటే తోకలో. సుడి తిరుగుతూ తోక విప్పిన షార్పీకి కూడా అది గుండ్రంగానే కనిపిస్తుంది. అందుకని తోక ఆకారాన్ని ముడుచుకుని జారుతున్నప్పుడే చూడాలి. రెండిట్లో ఒకటే చూసే వీలుంటే తల చూడండి.

మీ జాబితాలో లేకపోయినా ఎక్కువమంది బోల్తాపడేవి మరికొన్ని. హారియర్ అనే డేగ ఎత్తులో జారేటప్పుడు రెక్కలు కోసుగా మారి అచ్చం ఫాల్కన్‌లా కనబడుతుంది. పక్కకి తిరిగేదాకా ఆగి తోక మొదట్లో తెల్లటి మచ్చ చూడండి. బ్రాడ్-వింగ్డ్ కింద నుంచి లేత రంగు, రెక్క వెనక అంచు చుట్టూ ముదురు గీత, పూర్తిగా ఎదిగినదానికి తోక మీద వెడల్పైన నలుపు తెలుపు పట్టీలు. రెడ్-టెయిల్డ్‌కి ఎర్ర తోక కోసం వెతకొద్దు, పిల్లలకి అది ఉండదు. మెడ నుంచి రెక్క మడత దాకా ముందు అంచున ముదురు పట్టీ ఉంటే చాలు. ఇతర బ్యూటియోలకి (వెడల్పు రెక్కలతో తేలే డేగలకి) అక్కడ అది ఉండదు. రెడ్-షోల్డర్డ్‌కి రెక్క కొసల దగ్గర వెలుతురు దూరే నెలవంక కనిపిస్తుంది.

పిల్ల బాల్డ్ ఈగల్‌ని గోల్డెన్ అని రాసేయడం నవంబర్‌లో మామూలే. బాల్డ్ తల తోక పొడవులో సగానికి మించి ముందుకొస్తుంది, చంకల్లో మురికి తెలుపు మచ్చలుంటాయి, రెక్కలు బల్లపరుపు. గోల్డెన్ తల చిన్నది, రెక్కలు కాస్త పైకెత్తి ఉంటాయి, పిల్లకి తెలుపు ఉంటే తోక మొదట్లోనూ రెక్కల్లోనూ శుభ్రంగా, అంచు తీరి ఉంటుంది. టర్కీ వల్చర్ (రాబందు) రెక్కలు ఇంకా ఎక్కువ పైకెత్తి, అటూఇటూ ఒరుగుతూ పోతుంది. దాన్ని ముందు తీసేస్తే మిగతా పని సగం.

చేతిలెక్క:

సుడి తిరిగే గుంపును సుడిలో ఉండగా లెక్కపెట్టకండి, అది మజ్జిగలో వెన్న ముద్దలు లెక్కపెట్టడమే. పైకి లేచినంత సేపూ గుంపులో ఇంకేం కలిశాయో చూసుకోండి. వల్చర్లు, ఆస్ప్రే (చేపలు పట్టే డేగ), ఒకటి రెండు షార్పీలు ఉండొచ్చు. అవి వేరే రాయాలి. థర్మల్ కొసకి చేరాక పక్షులు రెక్కలు సగం ముడిచి ఒకదాని వెనక ఒకటి నైరుతికి జారడం మొదలెడతాయి. లెక్క అప్పుడే. ఒక మబ్బు అంచో, చెట్టు కొసో స్థిరంగా పట్టుకుని దాన్ని దాటేవాటిని లెక్కించండి. మబ్బు కూడా కదులుతుంది కాబట్టి చెట్టు దొరికితే చెట్టే నయం. వంద లోపు ఒక్కొక్కటిగా, దాటితే ఐదేసి, వరద వస్తే పదేసి. పదేసి లెక్కించే ముందు పది పక్షులు ఎంత జాగా తీసుకుంటున్నాయో ఒకసారి నిజంగా లెక్కపెట్టి చూసుకోవాలి, లేకపోతే సంఖ్య తక్కువకే పడిపోతుంది.

రెండుసార్లు కలిసిపోవడానికి కారణం మీ ఉత్తరాన ఒక సుడి, దక్షిణాన ఇంకో సుడి ఉండడం. గట్టు మీదుగా తూర్పు పడమరలకు ఒక ఊహారేఖ గీసుకోండి. దాన్ని దక్షిణానికి దాటినవే లెక్క. మళ్లీ ఉత్తరానికి వెనక్కొచ్చినవాటిని తీసేయాలి. అక్కడే తిరుగుతూ, దిగి కూర్చుంటూ, వేటాడుతూ ఉండే స్థానిక రెడ్-టెయిల్డ్ జంటని తొలి రోజే ఈకల గుర్తులతో పెట్టుకోండి, లేకపోతే నెలంతా అదే జంట మీ లెక్క పెంచుతూ ఉంటుంది.

ఆరుగురికి పని పంపకం: ఇద్దరు ఉత్తరం నుంచి ఈశాన్యం, ఒకరు వాయవ్యం, ఒకరు నడినెత్తి, ఒకరు రాత, ఒకరు విశ్రాంతి. అరగంటకోసారి మారండి, ఎందుకంటే ఎడతెరిపి లేకుండా చూసే కన్ను ఆ తర్వాత పక్షి ఉన్నా దాటేస్తుంది. క్లిక్కర్ (నొక్కితే అంకె పెరిగే పరికరం) బ్రాడ్-వింగ్డ్‌కి మాత్రమే వాడండి, మిగతావి కాగితం మీద. గంట గంటకీ జాతులవారీ సంఖ్య, గాలి దిక్కు, వేగం, ఉష్ణోగ్రత, మబ్బు శాతం, ఎంత దూరం కనిపిస్తోంది, ఎంతమంది చూస్తున్నారు, ఇవన్నీ రాయండి. చూసేవాళ్ల సంఖ్య రాయకపోతే ఒక ఏడాదిని ఇంకో ఏడాదితో పోల్చలేం.

చోటు చెప్పడానికి మొదటి రోజే దిగంతం మీది గుర్తులకి పేర్లు పెట్టుకోండి: నీళ్ల ట్యాంకు, టవర్, జంట పైన్లు. "అదిగో అక్కడ" అంటే ఎవరికీ దొరకదు. "టవర్‌కి ఎడమన, చెట్ల పైన రెండు బైనాక్యులర్ వెడల్పులు, కుడికి జారుతోంది" అంటే క్షణంలో దొరుకుతుంది.

గుర్తుపట్టలేనివి గుర్తుపట్టలేనివిగానే రాయండి. యాక్సిపిటర్ (షార్పీ, కూపర్స్ వర్గం) అని మాత్రం తెలిస్తే యూఏ, బ్యూటియో అయితే యూబీ, ఏమీ తెలియకపోతే యూఆర్. రోజంతటి లెక్కలో ఒక్క యూఆర్ కూడా లేకపోతే అనుభవజ్ఞులు ఆ కాగితాన్ని అనుమానంగా చూస్తారు. రోజూ లెక్కించే పద్ధతి కుదిరితే హాక్‌కౌంట్‌లో స్థావరంగా చేర్చే మార్గం అడగండి. ఈలోపు పక్షుల జాబితాలు చేర్చే ఈబర్డ్ సైట్‌లో స్టేషనరీగా (ఒకేచోట ఉండి చూసినట్టు), గంటకొక జాబితా.

నీలిరెక్క:

చాలా ఉపయోగం, ధన్యవాదాలండీ. బైనాక్యులర్ సంగతి మిగిలింది. ఇంకోటి, మబ్బు లేని నీలాకాశంలో మాకెవరికీ ఏమీ కనిపించడం లేదు. పక్కనున్న వేరే బృందం మాత్రం చకచకా లెక్కపెడుతోంది. కొన్ని చోట్ల కర్రకి ప్లాస్టిక్ గుడ్లగూబ కట్టి ఉంచడం చూశాం, అది పనిచేస్తుందా?

దూరచూపు:

ఖాళీ నీలంలో కంటికి పట్టుకోవడానికి ఏమీ దొరక్క కంటి ఫోకస్ ఒకటి రెండు మీటర్ల దగ్గరికి జారిపోతుంది. ఎదురుగా డేగ ఉన్నా మసకై మాయమవుతుంది. విరుగుడు: ప్రతి నిమిషానికోసారి దూరపు చెట్ల వరస మీదో విమానపు పొగచార మీదో ఫోకస్ సరిచేసుకుని మళ్లీ ఆకాశంలోకి వెళ్లడం. బైనాక్యులర్ డయాప్టర్ (రెండు కళ్ల చూపులో తేడా సర్దే చక్రం) కూడా సరిచూడండి. అది తప్పితే గంటలో తలనొప్పి.

తుడిచినట్టు చూడాలి. చెట్ల అంచుకి పైన ఒక పట్టీ ఎడమ నుంచి కుడికి, సగం వెడల్పు మళ్లీ కలిసేలా నిదానంగా. తర్వాత దానికి పైన మరో పట్టీ. నడినెత్తిన మొదట వట్టి కళ్లతో. మెడ విరగకుండా వెనక్కి వాలే కుర్చీ తెచ్చుకోండి, ఇది విలాసం కాదు, నిలబడి చూసేవాళ్లు తలపైన దాటేవాటిని వదిలేస్తారు. సూర్యుడి పక్కకు బైనాక్యులర్ తిప్పనే వద్దు. ఆ దిక్కు కావాలంటే చెట్టు నీడ వెనక్కి జరగండి.

8×42 మార్చక్కర్లేదు. 1000 గజాల దూరంలో దానికి సుమారు 400 అడుగుల వెడల్పు కనిపిస్తుంది, 10×42కి 340 దరిదాపు. వెతకడానికి 8, తేల్చడానికి 10 సుఖం. ఆరుగురిలో ఇద్దరు 10 పట్టుకుంటే సరి. స్కోప్ ఒకటి చాలు, 20 నుంచి 60 జూమ్ ఉన్నా 30 దాటించొద్దు. మధ్యాహ్నం వేడికి గాలి మరిగి బొమ్మ వణుకుతుంది. దాంతో పక్షుల్ని వెతకకండి, బైనాక్యులర్‌తో దొరికినదాన్ని నిర్ధారించుకోవడానికే.

గాలివాటం:

10 వైపే నా ఓటు. గట్టు మీద వెడల్పు చూపు అవసరం అడవిలో ఉన్నంత ఉండదు. చేయి వణికేవాళ్లు మాత్రం 8 దగ్గరే ఆగాలి.

గుడ్లగూబ పనిచేస్తుంది, అయితే అందరి మీదా కాదు. షార్పీలు ఎగబడతాయి, అప్పుడప్పుడు కూపర్స్, కెస్ట్రెల్. ఎత్తులో పోయే బ్రాడ్-వింగ్డ్ గుంపు దాన్ని పట్టించుకోదు. పెద్ద గ్రేట్ హార్న్‌డ్ బొమ్మ తీసుకుని పది పన్నెండు అడుగుల కర్రకి కట్టి, మీకు ఉత్తరాన నలభై యాభై అడుగుల్లో, చుట్టూ కొమ్మలు తగలని చోట నిలబెట్టండి. కొమ్మల మధ్య పెడితే పైనుంచి వచ్చే పక్షికి కనిపించదు. గాలికి కాస్త ఊగేలా ఉంటే ఇంకా మంచిది. పార్కు నిర్వాహకుల అనుమతి తీసుకుని పాతండి, వెళ్లేటప్పుడు పీకేయండి.